కథలాపూర్‌లో మాత్రమే ఆగిపోయిన హీటర్

2010 జనవరి. కోరుట్లలో నా ఎలక్ట్రికల్ దుకాణం అప్పటికే పాతది. ఫ్యాన్లు, మోటర్లు, స్టార్టర్లు అమ్మేవాణ్ని, బాగు చేసేవాణ్ని. ఆ చలికాలం మాత్రం వ్యాపారమంతా సగం దించిన షట్టరు కిందే సాగింది. ఒకరోజు బంద్, మరుసటి రోజు రాస్తారోకో, ఆ తర్వాత ఇంకో పిలుపు. తెలంగాణ రావాలని నాకూ ఉంది. మా వీధిలో అందరికన్నా ముందు షట్టర్ దించింది నేనే. దీక్షా శిబిరానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు కావాలంటే కొత్తది ఇచ్చాను. అది ప్లగ్గు లేకుండా తిరిగొచ్చింది. ఎవరు కోసుకున్నారో నాకు తెలుసు. పేరు రాయను గానీ మరిచిపోలేదు.

మా వైపు రూమ్ హీటర్లు పెద్దగా అమ్ముడుపోవు. గట్టి చలి ఉండేది కొన్ని వారాలే. అందుకని జగిత్యాల డీలర్ దగ్గర నాలుగైదు తెచ్చి పెట్టుకునేవాణ్ని. అందులో రెండు రకాలు. ఒకటి రాడ్ హీటర్, ఎర్రగా కాలి ఎదుట ఉన్నదాన్ని వేడి చేస్తుంది. రెండోది బ్లోయర్. దానిలో చుట్టలు చుట్టిన తీగ ఉంటుంది, వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది. వెనక నుంచి చల్లగాలి లాక్కుని ముందు నుంచి వేడిగాలి వదులుతుంది. బ్లోయర్‌లో థర్మల్ కటౌట్ అని గోరంత బిళ్ల ఒకటి ఉంటుంది. లోపల వేడి హద్దు దాటితే అది కరెంటు ఆపేస్తుంది, చల్లబడితే మళ్లీ ఇస్తుంది. ఈ కేసంతా ఆ బిళ్ల గురించే.

గంగవ్వది కథలాపూర్. వ్యవసాయం ఇల్లు, భర్త మస్కట్‌లో ఉండేవాడు. కూతురు లావణ్యను సిరిసిల్లకు ఇచ్చారు. ఆ పిల్ల నెల తక్కువలో జగిత్యాల ఆసుపత్రిలో ఆడపిల్లను కని, తల్లిగారింటికి వచ్చింది. గంగవ్వ నా దుకాణం మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

"సేటూ, చలికి పెట్టే మిషిని ఉన్నదా? మా బిడ్డ బాలెంత. పసిపిల్ల గింతంత ఉన్నది, పిడికెడు. జగిత్యాల డాక్టరమ్మ సల్ల తగలద్దన్నది, పొగ గూడ తగలద్దన్నది. కుంపటి పెడితె పొగ, పెట్టకుంటె సల్ల. ఇగ నేనేం జెయ్యాలె?"

"హీటర్ ఉన్నది అక్కా. పొగ రాదు."

"మా ఆయన గూడ మస్కట్ కెల్లి గదే అన్నడు. ఆడ ఏసీలల్ల ఉండి గీడి చలి ముచ్చట జెప్తడు."

బ్లోయర్ తీసి పెట్టి చూపించాను. మామూలు సాకెట్‌లో కాదు, పెద్ద పిన్నుల పవర్ సాకెట్‌లో పెట్టాలన్నాను. దాని మీద బట్ట కప్పొద్దన్నాను. గోడకు ఆనించొద్దన్నాను, ముందు భాగం ఖాళీగా ఉంచాలన్నాను. అన్నింటికీ "సరే, సరే" అంది. నేను చెప్పలేదని ఆమె తర్వాత ఊరంతా చాటింది కాబట్టి ఇది ముందే రాసిపెడుతున్నాను.

రెండు రోజులకు హీటర్ చంకన పెట్టుకుని వచ్చింది. "ఏం మిషినిచ్చినవ్ సేటూ? పెట్టంగనే బుస్సుమంటది, జరసేపటికి చస్తది. మళ్ల ఎప్పుడో దానికి బుద్ధి పుడితె లేస్తది. నడుమ పసిపిల్ల వణుకుతాంది."

కౌంటర్ మీద పెట్టి ఆన్ చేశాను. ఎదురుగా స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాను. పక్క దుకాణాల వాళ్లు నలుగురు వచ్చి చేతులు కాపుకున్నారు. ఛాయ్ వచ్చింది, తాగారు, గ్లాసులు తిరిగి వెళ్లాయి. హీటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"చూడు అక్కా, మంచిగనే ఉన్నది."

"గీడ మంచిగనే ఉంటది. నువ్వు మొకం మీద గూసున్నవ్ గద! నీకు భయపడుతాందో ఏమో."

నలుగురూ నవ్వారు. ఆ నవ్వింది కూడా గుర్తుంది.

ఆమె తీసుకెళ్లింది, మళ్లీ తెచ్చింది. మీ ఊళ్లో ఓల్టేజీ తక్కువేమో అన్నాను. "మా ఊరి కరెంటుకు పేరు పెట్టకు, నీ మిషినికి పెట్టు" అంది. దాన్ని పక్కన పెట్టి అదే కంపెనీది ఇంకో కొత్త హీటర్ ఇచ్చాను. అదీ తిరిగొచ్చింది, అదే రోగంతో. రెండు కొత్త హీటర్లకు ఒకే జబ్బు ఎలా వస్తుందని జగిత్యాల డీలర్‌కు ఫోన్ చేశాను. అతను సమస్య పూర్తిగా వినకుండానే నవ్వాడు. "మీ కోరుట్లోళ్లకు ప్లగ్గు పెట్టుడు గూడ నేనే వచ్చి నేర్పాల్నా?" అన్నాడు. కరీంనగర్ సర్వీస్ సెంటర్‌కు పంపుదామంటే బస్సులు లేవు. అతని మాటకు జవాబు అప్పుడు తట్టలేదు. తర్వాత చాలా తట్టాయి గానీ వాడే సందర్భం రాలేదు.

ఇక లాభం లేదని ఆ రెండో హీటర్ పట్టుకుని నేనే స్కూటర్ మీద కథలాపూర్ వెళ్లాను. ఇంటికి వెళ్లి చూడటం మా పనిలో ఆఖరి మెట్టు. యంత్రం దుకాణంలో పనిచేసి ఇంట్లో పనిచేయకపోతే తప్పు ఇంట్లో ఉన్నట్టే. కానీ ఆ ఇంటికి వెళ్లాక తెలిసింది, చూడాల్సిన చోటు తప్ప మిగతాదంతా నాకు చూపిస్తారని.

బాలింత ఉన్న అర్ర తలుపు దగ్గరికి వేసి ఉంది. గుమ్మానికి వేపమండలు కట్టారు. గంగవ్వ అడ్డంగా నిలబడింది.

"లోపటికి రావద్దు సేటూ. పురుడు కాలే. బయట మొగోళ్లు అడుగు పెట్టద్దు. మా అల్లునికే దిక్కు లేదు, గడప కాడికెల్లి పిల్లను జూసి పోతాండు."

"నేను మనుషులను చూస్త లేను అక్కా, సాకెట్ చూసి వస్త."

"సాకెట్‌కు పురుడు లేదు గని నీకున్నది."

సరే, బయట నుంచే చూశాను. మీటరు చూశాను. ఫ్యూజు పీకి తీగ మందం చూశాను. మీటరు నుంచి అర్రలోకి వెళ్లే వైరు చూశాను, గట్టిదే. ఓల్టేజీ కొలిచాను, కొంచెం తక్కువే గానీ హీటర్ ఆగేంత కాదు. తెచ్చిన హీటర్‌ను ముందు వసారాలో పెట్టి నడిపాను. ఆగలేదు. దాన్ని లోపలికి పంపి గుమ్మం బయట నుంచి అడగడం మొదలుపెట్టాను.

"బట్ట కప్పిండ్రా దాని మీద?"

"లే."

"గోడకు ఆనిచ్చిండ్రా?"

"గోడకు దూరమే ఉన్నది."

"దేని మీద పెట్టిండ్రు? బల్ల మీదనా?"

"నేల మీద. నేల మీద గాకుంటె నెత్తి మీద పెట్టుకుంటమా?"

ఆమె చెప్పిన ఒక్క మాటా అబద్ధం కాదు. వసారాలో కూర్చుని ఎదురుచూస్తుంటే లోపల బుస్సుమనే శబ్దం కాసేపటికి ఆగిపోయింది. నా కళ్ల ముందే, అంటే నా చెవుల ముందే. గంగవ్వ చేతులు నడుముకు పెట్టుకుని నా వంక చూసింది. లోపల పసిపిల్ల సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపులో బలం లేదు.

ఆలోచించుకుంటూ కోరుట్లకు తిరిగొచ్చాను. కటౌట్ ఊరికే ఆపదు, లోపల వేడి పెరిగితేనే ఆపుతుంది. వసారాలో పెరగని వేడి అర్రలో ఎందుకు పెరుగుతోంది? అర్ర చిన్నది కాబట్టేమో అనుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

కొన్ని రోజులు గంగవ్వ రాలేదు. ఒక బంద్ రోజు పొద్దున షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. హోటల్ వెనక తలుపు దగ్గర ఛాయ్ తాగుతుంటే సత్తయ్య వచ్చాడు. బస్టాండ్ దగ్గర మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగు చేసే మెకానిక్. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తనకు తెలియని పార్టు ఏది కనిపించినా పీకి పారేయడం అతని పద్ధతి.

"ఏమన్నా, కథలాపూర్ గంగవ్వ హీటర్ నీతోని కాలేదంట గద? నా కాడికి తెచ్చింది. చిటికెల జేసిచ్చిన."

"ఏం జేసినవ్?"

"అండ్ల ఓ బిళ్ల ఉంటది. గదే కిరికిరి పెడుతాంది. తీసేసి వైర్లు కలిపి డైరెక్ట్ జేసిన. ఇగ ఆగుడన్న ముచ్చటే లేదు, గుర్రం లెక్క ఉరుకుతాంది."

గ్లాసు కింద పెట్టేశాను. "అది కిరికిరి పెట్టే బిళ్ల గాదు సత్తయ్యా. ఆడ ఏదో తప్పున్నదని జెప్పే బిళ్ల. తప్పు ఆడనే ఉన్నది, జెప్పేదాన్ని నువ్వు పీకినవ్."

"నడువకుంటె నీ పేరు ఖరాబైతాంది గదా అని జేసిన. మంచికి పోతె గిట్లనే ఉంటది."

గంగవ్వకు ఫోన్ చేశాను. హీటర్ ఆపెయ్యమన్నాను.

"ఆపాల్నా? ఇన్నొద్దులకు మంచిగ నడుస్తాంది. నీతోని కాలేదు, సత్తయ్యతోని అయింది, గదే గద నీ కడుపునొప్పి!" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నిజమే, నాకు కడుపునొప్పి ఉంది. కాదనను. కానీ వేడి హద్దు దాటుతున్న యంత్రానికి ఇప్పుడు హద్దే లేదు. అది ఉన్న అర్రలో నెల తక్కువ పిల్ల ఉంది. స్కూటర్ తీశాను.

కథలాపూర్ ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి నిలబెట్టారు. పక్కన టైరు కాలుతోంది. టెంటు కింద రిలే దీక్ష నడుస్తోంది. నలుగురు వచ్చి స్కూటర్ పట్టుకున్నారు.

"బంద్ నాడు యాడికి సేటూ? దుకాణం ఊరూరికి తిప్పుతున్నవా?"

"జై తెలంగాణ. ఇడువుండ్రి, అర్జంటు పనున్నది."

"అందరు గదే అంటరు."

ఈ ఉద్యమానికి నేనేం ఇచ్చానో, అది ఏ స్థితిలో తిరిగొచ్చిందో చెప్పబోతుంటే టెంటులోంచి ఒక పిల్లవాడి లాంటి యువకుడు లేచి వచ్చాడు. మెడలో గులాబీ కండువా ఉంది. పేరు రాజేశం, గంగవ్వ అల్లుడే. సిరిసిల్లలో సాంచెలు నడిపే పని. అక్కడ పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. బిడ్డను చూద్దామని వచ్చి, అర్రలోకి రానివ్వకపోయేసరికి పొద్దంతా టెంటులో కూర్చుంటున్నాడు.

"ఏందన్నా, మా అత్తతోని మళ్ల లొల్లా?"

"లొల్లి గాదు తమ్మీ. మీ హీటర్ల కటౌట్ తీసి డైరెక్ట్ జేసిండు సత్తయ్య."

అతనికి ఇంకో ముక్క చెప్పాల్సిన అవసరం రాలేదు. అతని ముఖం మారిపోయింది. "రిలే లెక్కనా? మా సాంచెల కాడ గూడ స్టార్టర్‌ల ఉంటది, మోటర్ గరమైతె ఆపుతది. దాన్ని డైరెక్ట్ జేసిండ్రు ఓపారి. మోటర్ కాలి, పక్కకున్న బట్ట తాను అంటుకున్నది" అన్నాడు. ఎడ్లబండి కాడి తనే ఎత్తి పక్కకు జరిపి నా వెనక ఎక్కాడు. ఆ ఉద్యమంలో నా మాట పూర్తికాకముందే నన్ను నమ్మినవాడు అతనొక్కడే.

గంగవ్వ ఇంటి ముందు వడ్లు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి గుమ్మానికి అడ్డం పరిగెత్తింది.

"ఇద్దరు గలిసి వచ్చిండ్రా! పుర్టింట్లకు మొగోళ్లా? అల్లుడా, నీకన్న బుద్ధుండద్దా?"

"అత్తా, జరుగు. హీటర్ ఆపాలె."

"జరుగ. పిల్ల ఇప్పుడే పండుకున్నది."

వాళ్ల వాదన వదిలేసి తలుపు దగ్గర నిలబడి లోపలికి అరిచాను. అంతకుముందు నేను ఆ అర్ర గురించి అడిగిందంతా గంగవ్వనే. లోపల పడుకున్న మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"బిడ్డా లావణ్యా! హీటర్ యాడ పెట్టిండ్రమ్మా?"

"మంచం కిందనే కాకా" అంది లోపల నుంచి, ఇంకెక్కడ పెడతారన్నట్టు. "కుంపటి పెట్టే తావునే."

"మంచం చుట్టు ఏమున్నది?"

"చెద్దర్లు దించినం నేల దాంక. సెగ బయటికి పోవద్దని."

ఆ రెండు ముక్కలతో మొత్తం అర్థమైంది. మా వైపు బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెడతారు, నడుముకు సెగ తగలాలని. పొగ వద్దని డాక్టర్ అంది కాబట్టి కుంపటి తీసి అదే చోట హీటర్ పెట్టారు. చుట్టూ చెద్దర్లు దించారు. బ్లోయర్ వదిలిన వేడిగాలి ఎటూ పోలేక వెనక్కి వస్తుంది. దాన్నే మళ్లీ లోపలికి లాక్కుని ఇంకా వేడి చేసి వదులుతుంది. కటౌట్ ఉన్నన్నాళ్లు అది పసిగట్టి ఆపింది. మేమందరం కలిసి దాన్నే తిట్టాం.

"పిల్లను ఎత్తుకొని మంచం దిగు బిడ్డా, ఇప్పుడే" అన్నాను. వసారాలో మీటరు దగ్గరికి వెళ్లి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.

గంగవ్వ నన్ను అన్న మాటలు పత్రికలో రాసేవి కావు. కానీ అంటూనే లోపలికి వెళ్లింది, హీటర్ తెచ్చి నా మొహాన కొడదామనే వెళ్లింది. లోపల ఆమె గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. రాజేశం ఇక ఆగలేక గడప దాటాడు. ఎవ్వరూ వద్దనలేదు. బయటికి వచ్చినప్పుడు అతని ఒక చేతిలో హీటర్ ఉంది. ముందు జాలీ ప్లాస్టిక్ మెత్తబడి కిందికి జారింది. ఇంకో చేతిలో మంచం నవారు ముక్క ఉంది. తెల్లగా ఉండాల్సిన నవారు కాల్చిన రొట్టె రంగుకు వచ్చింది. వేలితో లాగితే ఎండుటాకులా తెగింది. సరిగ్గా దాని మీదే, ఒక బొంత మందం పైన, పిల్లను పడుకోబెట్టేవారు.

గంగవ్వ గడప మీద కూలబడింది. "మా అత్త గీడనే పెట్టింది, మా అవ్వ గీడనే పెట్టింది" అంది. "నన్ను గిట్లనే కాచిండ్రు."

"నిప్పులు పెట్టిండ్రు అక్కా. నిప్పు కాలుకుంట కాలుకుంట బూడిదైతది. ఓ మనిషి కనిపెట్టుకొని ఉంటది. కరెంటు బూడిద గాదు. ఆపేదాంక కాలుతనే ఉంటది."

ఆమె తలెత్తి అంది: "మంచం కింద పెట్టద్దని నువ్వు ముందే జెప్పద్దా మరి?"

నాకు ఒళ్లు మండింది. బట్ట కప్పొద్దని చెప్పాను, గోడకు ఆనించొద్దని చెప్పాను, ముందు ఖాళీ ఉంచమన్నాను. మంచం కింద పెట్టొద్దని చెప్పలేదట! నీళ్లలో పెట్టొద్దని కూడా చెప్పలేదు కదా అన్నాను. "గంత పిచ్చోళ్లమా?" అంది. రాజేశం నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

అప్పుడే లోపల నుంచి లావణ్య, "మరి ఇప్పుడు పిల్లకెట్ల కాకా? సల్లగైతాంది" అంది. అదీ నిజమే. ఎండ ఉన్నా ఆ అర్రలో చలి తగ్గదు. జగిత్యాలలో నర్సు ఏమైనా చెప్పిందా అని అడిగాను. పిల్లను ఛాతీకి ఆనించుకుని పైన శాలువా కప్పుకోమని చెప్పిందట. దిష్టి తగులుతుందో, పాలు పొర్లుతాయో అని గంగవ్వే పక్కన పడుకోబెట్టిందట. "అట్లనే పట్టుకో బిడ్డా, నేను మళ్ల వచ్చేదాంక" అన్నాను. ఈసారి గంగవ్వ అడ్డం చెప్పలేదు.

కోరుట్లకు వచ్చి, ఆమె నమ్మకుండా తిరిగి ఇచ్చిన మొదటి హీటర్ తీశాను. దాని కటౌట్ సరిగ్గా ఉందో లేదో చూసి పొద్దు గుంకకముందే తీసుకెళ్లాను. నేను గడప బయట నిలబడి చెప్పాను, రాజేశం లోపల చేశాడు. మంచం గోడ వైపు జరిపాడు. చెద్దర్లు పైకి మడిచాడు. హీటర్‌ను ఎదుటి మూలలో, మంచానికి మనిషి పొడుగు దూరంలో పెట్టాడు. గాలి నేరుగా పిల్ల మీదికి కాకుండా అర్రలోకి తిప్పాడు. కిటికీ రెక్క వేలెడంత తెరిచాడు. నిద్రపోయేటప్పుడు ఆపెయ్యాలని లావణ్యతో రెండుసార్లు చెప్పించాను. జేబులోని ఫ్యూజు తిరిగి పెట్టి, వసారాలో కూర్చుని చాలాసేపు విన్నాను. బుస్సుమంటూనే ఉంది. ఆగలేదు. కొంతసేపటికి గంగవ్వ బయటికి వచ్చి నా ముందు ఛాయ్ పెట్టింది. చక్కెర వేయలేదు. మరిచిపోయిందో, కావాలనే చేసిందో ఇప్పటికీ తేలలేదు.

పిల్ల దక్కింది. ఆ సంగతి తొట్టెల పండుగ అయ్యాక సత్తయ్య చెబితే తెలిసింది. పండుగకు నాకు పిలుపు రాలేదు, అతనికి వచ్చింది. గంగవ్వ ఊళ్లో ఏం చెప్పిందో కూడా అతనే చెప్పాడు: సేటు మొదటి నుంచీ ఇట్లా పెట్టాలని చెప్తే ఇంత లొల్లే ఉండకపోవునట. అతను చెప్పింది విన్నాను గానీ, సత్తయ్యతో నేను నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట కూడా కటౌట్ గురించే.

నాది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అడగాల్సినవన్నీ అడిగాను, అన్నింటికీ నిజమైన జవాబులే వచ్చాయి. కానీ నేను అడిగిందంతా యంత్రం గురించి. వాళ్ల ఇంట్లో ఆ యంత్రం ఏ వస్తువు స్థానంలోకి వచ్చిందో అడగలేదు. కొత్త వస్తువు కొన్నా మనిషి చేయి పాత వస్తువు పెట్టిన చోటికే పోతుంది. అది అడ్డదిడ్డంగా వాడటం కాదు, వాళ్ల లెక్కలో అదే సరైన పద్ధతి. అలాంటప్పుడు చేయొద్దన్నవి ఎన్ని చెప్పినా ఆ ఒక్కటీ మిగిలిపోతుంది. ఎవరూ దాన్ని ప్రశ్న అనుకోరు కాబట్టి.

ఆ మరుసటి చలికాలం నుంచి నా దుకాణంలో ఒక మూల నవారు మంచం వేసి పెట్టాను. ఎలక్ట్రికల్ దుకాణంలో మంచమేమిటని నవ్వినవాళ్లున్నారు, గుర్తున్నారు. బాలింతకనో పసిపిల్లకనో హీటర్ కొనడానికి వచ్చినవాళ్లకు ముందుగా ఏమీ చెప్పను. హీటర్ చేతికిచ్చి, "మీ ఇంట్ల ఎట్ల పెడుతరో గట్ల పెట్టుండ్రి" అంటాను. చాలామంది ఒక్క క్షణం కూడా ఆలోచించరు. వంగి, చెద్దరు అంచు పైకెత్తి, మంచం కిందికి తోస్తారు. నేను చెప్పాల్సింది అక్కడి నుంచి మొదలుపెడతాను.